క్రీడాలోకంలో చిత్రగుప్తుని చిట్టా

జూదసభలో ద్రౌపది అడిగిన ప్రశ్న తెలుగువారికి సుపరిచితమైనది. తనను సభకు తోడ్కొని పోవడానికి వచ్చిన ప్రాతికామిని ఆమె తిరిగి సభకే పంపింది. ధర్మరాజు తనను తాను ఓడిపోయిన తరువాత భార్యను పణంగా ఒడ్డాడా, లేక అంతకు ముందే ఒడ్డాడా అన్నది తెలుసుకొని రమ్మంది. ఆట ఫలితం ఏమిటో ఆమెకు అప్పటికే తెలుసు. ఆమె అడిగినది జరిగిన సంగతుల వరుస. తనను తాను కోల్పోయిన వానికి మరొకరిని ఒడ్డే అధికారం ఉంటుందా అన్న ధర్మసందేహమంతా ఆ వరుస మీదనే ఆధారపడి ఉంది. సభలోని పెద్దలు సూటిగా సమాధానం చెప్పలేకపోయారు. ధృతరాష్ట్రుని కుమారులలో వికర్ణుడొక్కడే లేచి ఆమె పక్షాన మాట్లాడాడు.

ఆట ఉన్నచోట తగవు ఉంటుంది. తగవు ఉన్నచోట తీర్పరి ఉంటాడు. ఊరి బయట మైదానంలో కబడ్డీ ఆడే పిల్లల మధ్య గీత తాకాడా, తాకలేదా అని వాగ్వాదం వస్తే, పెద్దవాడొకడు ఏదో ఒకటి తేల్చేస్తాడు. సాయంత్రానికి ఆ తగవు ఎవరికీ గుర్తుండదు. కంప్యూటర్ల మీద, ఫోన్ల మీద సాగే ఆన్‌లైన్ ఆటల సంగతి అట్లా కాదు. అక్కడ ఆడేవారు ఒకరి ముఖం ఒకరు చూసినవారు కారు. ఒకడు విజయవాడలో ఉంటే అతని జట్టువాడు వరంగల్లులోనో, వార్సాలోనో ఉండవచ్చు. ఆడిన ప్రతి ఎత్తు, పలికిన ప్రతి మాట ఎక్కడో ఒక యంత్రంలో నిలిచి ఉంటుంది. తప్పు చేసినవారిని శిక్షించే అధికారం మోడరేటర్ అనే పర్యవేక్షకుని చేతిలో ఉంటుంది. అతడు ఒక ఆటగాడి నోరు కొంతకాలం మూయించగలడు. కొన్నాళ్లపాటు ఆటకు దూరం చేయగలడు. శాశ్వతంగా వెలివేయనూ గలడు. ఈ శిక్షలన్నీ ఎక్కడో ఒకచోట నమోదవుతాయి. ఆ నమోదు ఎట్లా ఉండాలి, ఎవరు చూడాలి, ఎన్నాళ్లు ఉంచాలి అన్న ప్రశ్నలు చూడడానికి గుమాస్తా పనిలా కనిపిస్తాయి. నిజానికి ఆ సమాజంలో న్యాయం ఉన్నదీ లేనిదీ తేలేది అక్కడే.

యముని కొలువులో చిత్రగుప్తుడు చిట్టా విప్పి చదువుతాడని మన పురాణకథలు చెబుతాయి. ఆ చిట్టాకు మూడు గుణాలున్నాయి. అందులో పొరపాటు ఉండదు, పక్షపాతం ఉండదు, మరపు ఉండదు. మనుషులు రాసే చిట్టాలకు మొదటి రెండు గుణాలు ఏనాడూ పూర్తిగా అబ్బలేదు. కంప్యూటర్ పుణ్యమా అని మూడవది మాత్రం సంపూర్ణంగా అబ్బింది. పొరపాటుకు, పక్షపాతానికి లోబడినది ఎన్నటికీ మరవకపోతే ఏమవుతుందన్నదే అసలు సమస్య.

ఈ సమస్య తొలినాళ్లలోనే తలెత్తిన చోటు లాంబ్డామూ. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో జిరాక్స్ సంస్థ పరిశోధనాలయంలో పనిచేస్తున్న పావెల్ కర్టిస్ 1990లో దీనిని నెలకొల్పాడు. ఇందులో బొమ్మలు లేవు, ఉన్నవన్నీ అక్షరాలే. ఒక విశాలమైన ఇంటి వర్ణన తెర మీద కనిపిస్తుంది. ఆ ఇంటికి కర్టిస్ సొంత ఇల్లే నమూనా. లోపలికి వచ్చినవారు తమకు నచ్చిన పాత్రను ధరించి, వాక్యాలు టైపు చేస్తూ తిరుగుతారు, మాట్లాడుకుంటారు, కొత్త గదులు కట్టుకుంటారు. యంత్రం మీద సర్వాధికారం ఉన్న కొద్దిమందిని అక్కడ మాంత్రికులు అని పిలిచేవారు. సభ్యుల తగవులు తీర్చి తీర్చి విసిగిపోయిన కర్టిస్, 1992 డిసెంబరులో ఒక ప్రకటన వెలువరించాడు. ఇకమీదట మాంత్రికులు సాంకేతికమైన పనులు మాత్రమే చూస్తారని, సామాజికమైన తగవులు సభ్యులే తేల్చుకోవాలని దాని సారాంశం.

కొద్ది నెలలకే, 1993లో, ఒక ఆటగాడు ఇతరుల పాత్రలు అసభ్యకార్యాలు చేస్తున్నట్లు తెర మీద వాక్యాలు కనిపించేలా ఒక చిన్న ప్రోగ్రాముతో ఆడించాడు. బాధితులు నిస్సహాయులై చూస్తూ ఉండిపోయారు. అతనిని వెలివేయాలా వద్దా అని సభ్యులు సమావేశమై గంటల తరబడి చర్చించారు. ఏకాభిప్రాయం కుదరలేదు. ఇది నేరమని చెప్పే నియమం లేదు, విచారించే పద్ధతి లేదు, తీర్పు చెప్పే అధికారం ఎవరికీ లేదు. చివరకు ఒక మాంత్రికుడు ఎవరినీ అడగకుండా, తనంతట తానే ఆ పాత్రను తొలగించివేశాడు. చాలామంది సంతోషించారు. కానీ ఆ సంతోషం వెనుక ఒక కలవరమూ ఉన్నది. ఈనాడు దుర్మార్గుని మీద పడిన చేయి రేపు ఎవరి మీద పడుతుందో చెప్పగలవారు లేరు. కర్టిస్ తిరిగి వచ్చిన తరువాత విజ్ఞాపనలు, ఓటింగు, మధ్యవర్తుల విచారణ వంటి పద్ధతులు ఏర్పరచాడు. అవి కూడా సంతృప్తికరంగా సాగలేదు. 1996లో మాంత్రికులు సామాజిక నిర్ణయాల బాధ్యతను మళ్లీ తామే స్వీకరిస్తున్నట్లు ప్రకటించారు.

గమనించదగిన విషయం ఒకటుంది. లాంబ్డామూలో సర్వమూ అక్షరమయమే. ఎవరేమన్నారో తెలుసుకోవడం అక్కడ కష్టం కాదు. ఒక నిర్ణయం ఏ నియమం ప్రకారం, ఎవరు, ఏ కారణంతో తీసుకున్నారో చెప్పే కాగితమే లేకపోయింది. మాటల పోగు ఎంత పెద్దదైనా అది తీర్పు పత్రం కాజాలదు.

తరువాతి కాలంలో ఇదే విషయాన్ని చాలా పెద్ద ఎత్తున పరీక్షించిన ఆట లీగ్ ఆఫ్ లెజెండ్స్. లాస్ ఏంజెలిస్‌లోని రయట్ గేమ్స్ సంస్థ 2009లో విడుదల చేసిన ఈ ఆటలో ఐదుగురు చొప్పున రెండు జట్లు తలపడతాయి. ఓడుతున్న జట్టులో తిట్లు మొదలవుతాయి. ఫిర్యాదులు కుప్పలు తెప్పలుగా వచ్చిపడడంతో ఆ సంస్థ 2011లో ట్రిబ్యునల్ పేరిట ఒక ఏర్పాటు చేసింది. ఇది ఒక విధంగా మన పంచాయతీ వంటిది. అనుభవజ్ఞులైన ఆటగాళ్లే అందులో న్యాయనిర్ణేతలు. ఒక ఆటగాడి మీద పలు ఆటలలో వచ్చిన ఫిర్యాదులు, ఆయా ఆటలలో సాగిన సంభాషణ, ఆట గణాంకాలు అన్నీ ఒక దస్త్రంగా కూర్చి వారి ముందు ఉంచేవారు. వారు చదివి శిక్షార్హుడనో, క్షమార్హుడనో ఓటు వేసేవారు.

తొలినాళ్లలో అధికసంఖ్యాకుల తీర్పుతో ఏకీభవించిన వారికి ఆటలో ఉపయోగపడే చిన్న బహుమానం ఇచ్చేవారు. తరువాత దానిని తీసివేశారు. తీసివేయడమే మంచిదయింది. పదిమందితో కలిస్తే ప్రతిఫలం వస్తుందంటే దస్త్రం చదివే ఓపిక ఎవరికుంటుంది?

ఈ ప్రయోగంలో మిక్కిలి విలువైన పాఠం మరొకచోట దొరికింది. మొదట శిక్ష పడిన ఆటగానికి శిక్ష పడిందన్న వార్త మాత్రమే అందేది. అతడు సంస్థకు ఉత్తరాలు రాసి, తానే పాపమూ ఎరుగనని వాదించేవాడు. తరువాత శిక్షతోపాటు కారణాన్ని, అతడు ఆటలో అన్న మాటలను అతనికే చూపించే పద్ధతి ప్రవేశపెట్టారు. ఏ మాటలకు శిక్ష పడిందో కళ్లారా చూసినవారిలో మళ్లీ అదే తప్పు చేసేవారి పాలు తగ్గిందని ఆ సంస్థ పరిశోధకులు వెల్లడించారు. ఇందులో ఆశ్చర్యపడవలసినదేమీ లేదు. ఆవేశంలో అన్న మాట అన్నవానికి గుర్తుండదు. అద్దంలో తన ముఖం తనకు కనిపించినట్లు, చిట్టాలో తన మాట తనకు కనిపిస్తేనే ఆ మాట బరువు తెలుస్తుంది. ట్రిబ్యునల్ 2014లో మూతపడింది. తీర్పుకు చాలాకాలం పట్టడం దాని ప్రధానమైన లోపం. ఆ తరువాత సంస్థ యంత్రాల సాయంతో త్వరితంగా తేల్చే పద్ధతులకు మళ్లింది. అయినా మాటను చూపించి శిక్షించడమన్న ఆచారం మాత్రం మిగిలింది.

చిట్టాలో ఏమి రాయాలన్నది ఇక్కడ విచారించవలసిన విషయం. వెనుకటి రోజులలో గ్రామకరణం రాసిన లెక్క మీద రైతు బ్రతుకు ఆధారపడి ఉండేది. కలం పోటు కత్తిపోటును మించినదన్న భయం ఊళ్లలో ఉండేది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసింది. కరణం ఏమి రాశాడో రైతుకు తెలియకపోవడం ఆ భయానికి మూలం. ఆన్‌లైన్ ఆటలో పర్యవేక్షకుడు కూడా అట్టి కరణమే కాగలడు. "దురుసుగా ప్రవర్తించాడు, మూడు రోజులు నిషేధం" అని ఒక పద్దు రాశాడనుకోవచ్చు. ఇందులో సంఘటన లేదు, రాసినవాని అభిప్రాయం మాత్రమే ఉంది. దాని బదులు ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ ఆటలో, ఆ ఆటగాడు అన్న మాట యథాతథంగా ఏమిటి, అది సమాజం ముందుగా ప్రకటించిన నియమాలలో ఎన్నవదానికి విరుద్ధం, అతనికి ఇదివరకు హెచ్చరిక ఇచ్చారా, శిక్ష ఎప్పటితో ముగుస్తుంది, నిర్ణయించినది ఎవరు అన్నవి రాస్తే చదివినవాడు స్వయంగా ఆలోచించుకోగలడు. మొదటి పద్దును నమ్మడమో మానడమో తప్ప గత్యంతరం లేదు. రెండవదానిని పరిశీలించవచ్చు, ప్రశ్నించవచ్చు, తప్పయితే దిద్దవచ్చు. ఎదుటివాడు ముందుగా ఏమన్నాడో కూడా రాయడం అవసరం. సగం సంభాషణ కత్తిరించి పంపిన తెరచిత్రం ఆధారంగా శిక్ష వేస్తే, ద్రౌపది అడిగిన వరుసను వదిలివేసినట్లే అవుతుంది.

దిద్దుబాటు మాట ఊరకే చెప్పుకొనేది కాదని నిరూపించిన ఘటన 2010 జులైలో జరిగింది. అమెరికాకు చెందిన వాల్వ్ సంస్థ తన స్టీమ్ వేదిక మీద మోసగాళ్లను పట్టుకోవడానికి వాక్ అనే యాంత్రిక వ్యవస్థను నడుపుతుంది. దాని చేతిలో పడినవారి నిషేధం శాశ్వతం. అంతేకాదు, ఆ సంగతి వారి ఖాతా పుటలో చూడవచ్చిన వారందరికీ కనిపిస్తుంది. అప్పట్లో కాల్ ఆఫ్ డ్యూటీ పరంపరలోని మోడర్న్ వార్‌ఫేర్ 2 ఆడుతున్న సుమారు 12,000 మంది రెండు వారాల వ్యవధిలో ఈ నిషేధానికి గురయ్యారు. వారు ఏ మోసమూ చేయలేదు. స్టీమ్ తానే ఒక ఫైలును నవీకరించింది. డిస్కు మీద ఉన్న ప్రతికీ, ఆట నడుస్తున్నప్పుడు యంత్రస్మృతిలో ఉన్న ప్రతికీ పొంతన కుదరలేదు. ఆటగాడే ఫైలును మార్చాడని వ్యవస్థ పొరబడింది.

సంస్థ అధిపతి గేబ్ న్యూవెల్ బాధితులకు క్షమాపణ చెప్పాడు. నిషేధాలన్నీ ఎత్తివేశారు. పరిహారంగా లెఫ్ట్ 4 డెడ్ 2 అనే ఆటను ఒక్కొక్కరికి ఉచితంగా ఇచ్చి, స్నేహితునికి కానుకగా ఇచ్చుకోవడానికి మరొక ప్రతిని కూడా జోడించారు. ఇంతమందిని గుర్తించి, వీరి నిషేధం మాత్రమే రద్దు చేసి, నిజంగా మోసం చేసినవారిని అట్లే ఉంచగలగడానికి ఏ ఖాతాను ఎప్పుడు, ఏ కారణంతో నిషేధించారో చెప్పే పద్దులు కావాలి. కారణం రాయకుండా వేసిన 12,000 శిక్షలలో తప్పుడు శిక్షలను ఏరడం తవుడులో నూక ఏరడం వంటిది. ఇక ఆ రెండు వారాలూ మోసగాడన్న ముద్రను అందరి కళ్ల ముందు మోసిన కుర్రవాని మనసుకు పరిహారం ఏమిటన్నది ఏ ఆట ఉచితంగా ఇచ్చినా తేలే లెక్క కాదు.

ఆటగాళ్ల పద్దులు రాసేవాని పద్దు ఎవరు రాయాలన్న చిక్కు కూడా ఉన్నది. ఐస్‌లాండ్ రాజధాని రెక్యావిక్‌లో సీసీపీ అనే సంస్థ 2003 నుంచి ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్షక్రీడను నడుపుతోంది. ఆ ఆటలో వస్తువులు తయారుచేయడానికి పనికివచ్చే అరుదైన నమూనాపత్రాలను సంస్థ ఉద్యోగి ఒకడు తన పాత్ర సభ్యునిగా ఉన్న కూటమికి అక్రమంగా సమకూర్చాడని 2007లో బయటపడింది. ఆటగాళ్లు మండిపడ్డారు. సంస్థ తన ఉద్యోగుల ఆటతీరును కనిపెట్టడానికి అంతరంగిక విచారణ విభాగాన్ని ఏర్పాటు చేసింది. 2008లో ఆటగాళ్లు ఓటువేసి ఎన్నుకొనే ఒక మండలి కూడా ఏర్పడింది. కంచే చేను మేసిన చోట కాపలా పెట్టవలసినది కంచెకే. పర్యవేక్షకుడు తాను వేసిన శిక్షనే కాక, చూసి వదిలివేసిన ఫిర్యాదును కూడా నమోదు చేయాలి. తన మిత్రుల మీద వచ్చిన ఫిర్యాదులన్నీ వదిలివేసేవాని పక్షపాతం వేసిన శిక్షల పట్టికలో కనిపించదు. వదిలినవాటి పట్టికలో కనిపిస్తుంది.

అయితే అన్నీ అందరికీ చూపించడమే న్యాయమా? కాదు. ఫిర్యాదు చేసినవారి పేరు బయటపెడితే వారిమీద కక్షసాధింపు మొదలవుతుంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వంటి ఆటలు నడిపే బ్లిజార్డ్ సంస్థ 2010 జులైలో, తన చర్చావేదికల మీద రాసేవారి అసలు పేర్లు అందరికీ కనిపించేలా చేస్తామని ప్రకటించింది. పేరు తెలిస్తే మర్యాద పెరుగుతుందని దాని ఆలోచన. ఆటగాళ్లు, విశేషించి మహిళలు, తమ భద్రత ఏమి కావాలని నిలదీశారు. కొద్ది రోజులకే సంస్థ ఆ ఆలోచనను విరమించుకుంది. శిక్ష పడినవానికి తన మీది ఆరోపణ, ఆధారం పూర్తిగా తెలియాలి. ఫిర్యాదుదారు ఎవరో తెలియనక్కరలేదు. సమాజానికి ఏయే నియమాల కింద ఎన్ని శిక్షలు పడ్డాయో తెలియాలి. ఎవరికి పడ్డాయో తెలియనక్కరలేదు. ఈ మూడింటికి మూడు వేర్వేరు తలుపులుండాలి.

కాలపరిమితి గురించి చట్టాలు కూడా మాట్లాడసాగాయి. ఐరోపా సమాజం 2018 నుంచి అమలు చేస్తున్న సమాచార రక్షణ నిబంధన ప్రకారం వ్యక్తుల వివరాలను అవసరమైనంత కాలానికి మించి దాచరాదు. అక్కడే 2022లో ఆమోదం పొంది, 2024 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమలులోకి వచ్చిన డిజిటల్ సేవల చట్టం, ఖాతాను నిలిపివేసినా, రాతను తొలగించినా స్పష్టమైన కారణాలు లిఖితపూర్వకంగా తెలపాలన్నది. మనదేశంలో 2021లో వెలువడిన సమాచార సాంకేతిక నియమాలు మధ్యవర్తి సంస్థలు ఫిర్యాదుల అధికారిని నియమించాలని, ఫిర్యాదు అందినట్లు 24 గంటలలో తెలపాలని, తొలగించిన సమాచారాన్ని, తత్సంబంధమైన రికార్డులను 180 రోజులు విచారణ నిమిత్తం భద్రపరచాలని నిర్దేశించాయి. ఆ అధికారి నిర్ణయం నచ్చనివారు అప్పీలు చేసుకోవడానికి 2022 సవరణ అవకాశం కల్పించింది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని బాలలుగా పరిగణించింది. జూనియర్ కళాశాల విద్యార్థులలో అధికశాతం ఈ వయసువారే. పదహారేళ్ల వయసులో ఓటమి ఉక్రోషంతో అన్న ఒక మాట ఇరవై ఆరేళ్ల వయసులో కూడా అతని పేరు పక్కన వేలాడితే, అది శిక్ష కంటె ఎక్కువే అవుతుంది.

పెద్ద సంస్థలకు న్యాయవాదులుంటారు, చట్టాలుంటాయి. పదిమంది స్నేహితులు కలిసి నడుపుకొనే చిన్న బృందాల సంగతి వేరు. మైన్‌క్రాఫ్ట్ వంటి ఆటలకు సొంతంగా సర్వరు నడిపే విద్యార్థులు, డిస్కార్డ్ వేదిక మీద బృందాలు ఏర్పరచుకొన్న తెలుగు యువకులు ఎందరో ఉన్నారు. అక్కడ ఆటగాడు, తీర్పరి ఒక తరగతిలో పక్కపక్క బల్లల మీద కూర్చున్నవారు కావచ్చు. శిక్ష వేసినవాడు మరునాడు అతని ముఖం చూడాలి. కాబట్టి చిట్టా అవసరం ఇక్కడ తక్కువ కాదు, మరింత ఎక్కువ. శిక్ష వేసినవాడే అప్పీలు కూడా విన్నాడంటే ఆ విచారణ ఎవరికీ నమ్మకం కలిగించదు. ఇద్దరే పర్యవేక్షకులున్నా ఒకరి నిర్ణయాన్ని మరొకరు చూడవచ్చు. తన మిత్రునికో, తనతో కలహించినవానికో సంబంధించిన ఫిర్యాదు వస్తే దానిని రెండవవానికి అప్పగించి, అప్పగించిన సంగతి పద్దులో రాసుకోవచ్చు.

డిస్కార్డ్‌లో పర్యవేక్షకులు చేసే పనుల జాబితా దానంతట అదే నమోదవుతుంది. ఎవరు ఎవరిని ఎప్పుడు నిషేధించారో అందులో ఉంటుంది. ఆ జాబితా 45 రోజులు మాత్రమే నిలుస్తుంది. ఆ తరువాత ఆరు నెలల నాటి నిషేధం గురించి ఎవరైనా ప్రశ్నిస్తే, కారణం చెప్పగలిగినది ఆనాటి పర్యవేక్షకుని జ్ఞాపకం ఒక్కటే. అందుచేత నియమబద్ధంగా నడిచే బృందాలు విడిగా ఒక పట్టిక పెట్టుకొంటాయి. హెచ్చరికకు ఇన్ని నెలలని, తాత్కాలిక నిషేధానికి ఇన్ని నెలలని గడువు ముందే ప్రకటించి, గడువు తీరిన పద్దులను కొట్టివేస్తాయి. డిస్కార్డ్ జాబితాలో కారణం రాయడానికి ఒక చిన్న గడి కూడా ఉన్నది. దానిని నింపితీరాలన్న నిర్బంధం లేదు. ఖాళీగా వదిలివేసినా నిషేధం అమలవుతుంది.